రోమన్ కాలపు ఈజిప్టు వీధిని తవ్వడం: గడపలే గడియారం

మీరు అడిగినవి మూడు. ఈజిప్టులో రోమన్ కాలపు వీధిని ఏ పద్ధతిలో తవ్వుతారు? ఇల్లు తవ్వడంకన్నా వీధి కష్టం అని ఎందుకంటారు? వీధిలో దొరికిన నాణేన్ని బట్టి ఆ వీధి కాలం చెప్పెయ్యొచ్చా? మూడోదానికి జవాబు ముందే చెప్తాను: చెప్పకూడదు. ఎందుకన్నది మొదటి రెండు చూశాక మీకే తెలుస్తుంది.

వీధి అనగానే రాళ్లు పరిచిన రోమన్ బాట గుర్తొస్తే దాన్ని కాసేపు పక్కన పెట్టండి. అలెగ్జాండ్రియాలోనూ, హేడ్రియన్ చక్రవర్తి క్రీ.శ. 130లో స్థాపించిన ఆంటినూపోలిస్‌లోనూ పెద్ద వీధులున్నాయి. కైరోకు నైరుతిలో ఉన్న ఫయ్యూం ప్రాంతంలో దిమే, టెబ్టునిస్ అనే ఊళ్ల గుళ్ల ముందు రాతి పలకలు పరిచిన ఊరేగింపు దారులున్నాయి. మామూలు ఊళ్లలో మాత్రం వీధంటే కాళ్ల కింద నలిగి గట్టిపడిన మట్టే. ఇళ్లలోంచి బూడిద, ఊడ్చిన చెత్త, పగిలిన కుండలు వచ్చి పడతాయి. గాడిదల పేడ, గోడలనుంచి రాలిన మట్టి, ఎడారి ఇసుక వాటికి తోడవుతాయి. దాన్ని ఎత్తిపోసేవాళ్లు ఉండరు, దానిమీదే నడుస్తారు. అందుకే వీధికి ఒక్క నేల ఉండదు, డజన్లకొద్దీ ఉంటాయి. ఒక్కోటి అర అంగుళం మందం కూడా ఉండకపోవచ్చు, పైగా వీధి పొడుగునా ఒకేలా సాగదు.

దీనికి నేను ఎప్పుడూ చూపించే ఉదాహరణ కరానిస్. ఫయ్యూం ఈశాన్యపు అంచున, ఇప్పుడు కోమ్ ఔషిం అని పిలిచే దిబ్బ. క్రీ.పూ. 3వ శతాబ్దంలో, రోమన్లకు ముందు ఈజిప్టును ఏలిన టోలెమీ వంశపు రాజుల కాలంలో పుట్టి, రోమన్ల కాలంలో బాగా పెరిగిన రైతుల ఊరు. మిషిగన్ విశ్వవిద్యాలయం 1924 నుంచి 1935 దాకా ఇక్కడ తవ్వింది. వీధి మట్టం పెరిగేకొద్దీ అక్కడి జనం ఏం చేశారో గోడల్లోనే కనిపించింది. పాత గడప మీద కొత్త గడప పెట్టారు, గుమ్మాలు ఎత్తు చేశారు, కొన్నింటిని ఇటుకలతో మూసేశారు. ఒకప్పటి కింది గదులు నేలమాళిగలైపోయాయి. వీధిని చదవడానికి మనకున్న అతి గట్టి ఆధారం ఇదే. మట్టి పొరలు కలగాపులగం కావచ్చు, గడప మాత్రం ఒక ఇల్లు ఒక కాలంలో వీధిని ఏ మట్టంలో కలిసిందో స్థిరంగా చెబుతుంది.

అదే కరానిస్ నేర్పిన ఇంకో పాఠం కూడా ఉంది. ఆనాటి తవ్వకందారులు ఊరంతటినీ పైనుంచి కిందికి ఎ, బి, సి అంటూ పొరలుగా విడగొట్టారు. వాళ్ల రికార్డు ఆ రోజులకు చాలా మెరుగైనది, వీధులకు కూడా విడిగా నంబర్లిచ్చారు. కానీ ఊరంతా ఒకేసారి ఒకే పొరలో బతకదు. ఒక వాడలో ఇళ్లు పడిపోయి ఇసుక నిండుతుంటే పక్క వాడలో కొత్త ఇల్లు లేస్తుంది. ఆ పొరల మీద ఆధారపడి ఊరు 5వ శతాబ్దం నడుమ ఖాళీ అయిందని అనుకున్నారు. తర్వాతి పరిశోధకులు కుండలను మళ్లీ చూసినప్పుడు 6వ శతాబ్దం, ఇంకా ఆ తర్వాతి కాలపు పాత్రలు కూడా బయటపడ్డాయి. కాబట్టి పొర అనేది ఊరికి సంబంధించింది కాదు. ఈ రెండు గోడల మధ్య, ఈ మూడు మీటర్లలో ఏం జరిగిందన్నదే పొర.

దిబ్బ మీద అడుగుపెట్టగానే మొదట చూడాల్సింది గుంతలు. మన పల్లెల్లో పాత ఊరి దిబ్బనుంచి పాటిమన్ను తవ్వి పొలాలకు తోలుకుపోవడం తెలుసు కదా, ఈజిప్టులో అదే పని చేసిన మట్టిని సెబాఖ్ అంటారు, తవ్వేవాళ్లు సెబాఖీన్లు. పాత ఇళ్ల మట్టిలో నత్రజని ఎక్కువ, అందుకే అది ఎరువు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఇది పెద్ద వ్యాపారంగా నడిచింది. మిషిగన్ బృందం వచ్చేసరికే కరానిస్ నడిబొడ్డు ఖాళీ అయిపోయింది. ఈ గుంతలు, దొంగ తవ్వకాలు వీధిని ఎక్కడెక్కడ కోశాయో గుర్తించి, ప్రతి గుంతకూ వేరే నంబరిచ్చి, పొరలకన్నా ముందు వాటినే ఖాళీ చెయ్యాలి. ఆ క్రమం తప్పితే గుంతలోకి జారిన 20వ శతాబ్దపు సిగరెట్ పెట్టె కాగితం రోమన్ నేల సంచిలోకి చేరుతుంది. గుంత ఖాళీ అయ్యాక దాని గోడల్లో వీధి పొరలు ఉచితంగా కనిపిస్తాయి. ఆ గోడను తాపీతో శుభ్రంగా గీసి, చూసి, గీతలు రాసుకున్నాకే కొత్త ట్రెంచ్, అంటే కొలత ప్రకారం తవ్వే గొయ్యి, ఎక్కడ వెయ్యాలో తేల్చుకోండి.

నేలలోని అయస్కాంత తేడాలను పైనుంచే కొలిచే మాగ్నెటోమీటర్ అందుబాటులో ఉంటే తప్పక వాడండి. నైలు ఒండ్రులో అయస్కాంత ఖనిజాలు ఎక్కువ కాబట్టి పచ్చి ఇటుక గోడలు ఇసుకలో స్పష్టంగా తేలతాయి. అర మీటరు దూరంలో వరుసలు నడిస్తే సందులు కూడా కనిపిస్తాయి. ఒక్క మెలిక ఉంది. ఇసుక నిండిన వీధి మసకగా కనిపిస్తుంది, కాల్చిన చెత్త, బూడిద నిండిన వీధి గోడకన్నా గట్టిగా మెరుస్తుంది. మెరిసేదల్లా గోడ అనుకుంటే నడివీధిలో ఇల్లు గీసేస్తారు.

ఇక ట్రెంచ్. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. వీధి 2 మీటర్లుంటే 2 మీటర్ల ట్రెంచ్ వేసి, గోడల అంచున ఆపేస్తారు. అప్పుడు వీధి పొరలు దొరుకుతాయి, వాటికి కాలం చెప్పే గడపలు మట్టిలోనే ఉండిపోతాయి. ట్రెంచ్ వీధికి అడ్డంగా వెయ్యాలి, పొడుగున కనీసం 3 మీటర్లు తీసుకోవాలి, రెండు పక్కలా ఇళ్ల లోపలికి మీటరు నుంచి మీటరున్నర వెళ్లాలి. వీలైతే కనీసం ఒక పక్క గుమ్మం ట్రెంచ్‌లోకి వచ్చేలా చూడాలి. పొరలు చూడ్డానికి తవ్వకుండా వదిలే గట్టు వీధికి అడ్డంగా ఉండాలి, గోడ వెంబడి ఎప్పుడూ వదలకూడదు. గోడకూ వీధి పొరకూ ఉన్న సంబంధం ఆ చివరి 20 సెంటీమీటర్లలోనే ఉంటుంది. పొర వచ్చి గోడను ఆనుకుని పైకి వంగిందా, లేక గోడ పునాది కోసం ఆ పొరను కోశారా? ఆనుకుంటే గోడ పాతది, కోస్తే పొర పాతది. గోడ వెంబడి గట్టు వదిలితే ఈ ఒక్క ప్రశ్నకు జవాబు పోతుంది, తర్వాత ఎంత రాసినా అది ఊహే.

తవ్వేటప్పుడు వీధి సగాన్ని ముందు దింపండి. మీటరు వెడల్పు పట్టీ ఒకటి తీసి నిలువు కోతలో పొరలు చూసుకోండి, ఆ తర్వాత మిగతా సగాన్ని ఆ పొరల ప్రకారమే ఒలవండి. పైనున్న ఒట్టి ఇసుక పొరకు తూరియా సరిపోతుంది, అది మన పారకు దగ్గరి బంధువు, పిడి పొట్టిగా ఉంటుంది. ఎగువ ఈజిప్టులోని కుఫ్త్ ఊరి పనివాళ్లు, బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త పెట్రీ 1893-94లో శిక్షణ ఇచ్చినప్పటినుంచి తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. వాళ్ల రయీస్, అంటే మేస్త్రీ, తూరియాతో రెండు సెంటీమీటర్లు గీసి పొర మారిందని చెబితే ఆగి చూడండి, ఎక్కువసార్లు ఆయన మాటే నిజమవుతుంది. నడిచిన నేలలు మొదలయ్యాక తాపీ, కుంచె తప్ప వేరేవి వద్దు.

నేల దొరికిందని ఎలా తెలుస్తుంది? రంగుకన్నా పెంకులే బాగా చెబుతాయి. నడిచిన నేలలో పెంకులు చిన్నవి, రెండు మూడు సెంటీమీటర్లవి, అంచులు అరిగి బల్లపరుపుగా పడుకుని ఉంటాయి, మట్టి బిగుసుకుని పలుచని రేకులుగా లేస్తుంది. పోసిన చెత్తలో పెంకులు పెద్దవి, ఏ కోణంలో పడితే ఆ కోణంలో నిలబడి ఉంటాయి, మధ్యలో ఎముకలు, వదులు బూడిద కనిపిస్తాయి. గాలి తెచ్చిన ఇసుకలో గింజలన్నీ ఒకే సైజు, పెంకు దాదాపు ఉండదు. గోడ కరిగి వచ్చిన మట్టి గోడ దగ్గర మందంగా, వీధి నడుమకు వచ్చేసరికి పలుచగా ఉంటుంది. గోడ కూలితే ఇటుకలు వరుస చెదరకుండా ఒక పక్కకు ఒరిగి పడతాయి. ఈ ఐదూ వేర్వేరు ఘటనలు, వేర్వేరు నంబర్లు. అన్నింటినీ కలిపి ‘వీధి పూడిక’ అని ఒక్క సంచిలో వేసిన రోజున ఆ వీధి చరిత్ర అక్కడితో ఆగిపోతుంది, దాన్ని తిరిగి విడదీసే దారి లేదు.

పచ్చి ఇటుకను చుట్టూ ఉన్న మట్టినుంచి వేరు చెయ్యడం అలవాటు పడేదాకా కష్టమే, రెండూ ఒకే నైలు మట్టి. పొద్దున్నే ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు తాపీతో గీసి, మందులు కొట్టే చేతి పంపుతో నీటిని మంచులా చల్లండి. ఇటుకా, మధ్యలో ఉన్న మట్టి అతుకూ ఒకే వేగంతో ఆరవు, ఆ కొద్ది నిమిషాల్లో గీతలు కనిపిస్తాయి. గీతలు కనిపించగానే మేకు మొనతో గుర్తు పెట్టాలి, మధ్యాహ్నానికి మళ్లీ కనబడవు. నీళ్లు చల్లే ముందు ఆ చోట పపైరస్ (రెల్లులాంటి మొక్కతో చేసిన ఆనాటి కాగితం) ముక్కలు, సిరా రాతలున్న పెంకులు లేవని ఖాయం చేసుకోండి.

గడపల పట్టిక విడిగా రాయండి. ప్రతి గుమ్మానికీ గడప పైమట్టం, అడుగుమట్టం, దేనితో చేశారు, ఎంత అరిగింది, మూసేశారా అన్నవి ఉండాలి. ఊహకు ఒక ఉదాహరణ: తూర్పు ఇంటి మొదటి గడప 10.00 మీటర్ల దగ్గర, దాని మీది గడప 10.60 దగ్గర, పడమటి ఇంటి ఒకే గడప 10.45 దగ్గర ఉన్నాయనుకోండి. వీధిలో 10.40 దగ్గరున్న గట్టి నేల మీద నిలబడిన మనిషికి తూర్పు ఇంటి పాత గడప కాళ్లకింద 40 సెంటీమీటర్ల లోతులో ఉంది, అంటే ఆ ఇల్లు అప్పటికే గుమ్మం ఎత్తు చేసి ఉండాలి, లేదా లోపలికి మెట్లు దిగి ఉండాలి. మెట్లు వెతకండి. దొరికితే పడమటి ఇల్లు, మెట్లున్న తూర్పు ఇల్లు, ఆ నేల ఒకే కాలానివని మూడు దిక్కులనుంచీ రుజువు దొరికినట్టే. చెక్క గడపలను చెదలు తినేసి ఉంటాయి, ఇటుకల మధ్య గోధుమరంగు పొడి నిండిన ఖాళీ గాడి కనిపిస్తే అదే గడప. దాన్ని బొరియ అనుకుని ఊడ్చేస్తే మట్టం కొలిచే అవకాశం పోతుంది. ఇళ్లవాళ్లు వీధిలోకి జరిపిన మెట్లు, అరుగులు, పొయ్యిలు కూడా ఈ పట్టికలోకే వస్తాయి. అవి ఏ నేల మీద కూర్చున్నాయో రాస్తే వీధి ఎప్పుడు ఇరుకైందో తెలుస్తుంది.

రికార్డుకు ప్రతి పొరకూ ఒక షీటు, ప్లాను 1:20, నిలువు కోత 1:10, మట్టాలు టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో. ఫొటోలనుంచి త్రీడీ నమూనా చేస్తుంటే ఒక ఫొటో మీద ఇంకోటి 70 శాతం పైన కలవాలి, కనీసం నాలుగు కొలిచిన గుర్తులు ఫ్రేములో ఉండాలి. నమూనా ఉంది కదా అని చేతి బొమ్మ మానెయ్యకండి. బొమ్మ గీసే మనిషి ఏ గీత నిజం, ఏది అనుమానం అని నిర్ణయించుకోక తప్పదు, కెమెరా ఆ నిర్ణయం తీసుకోదు.

జల్లెడ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నష్టం ఇక్కడ కంటికి కనబడకుండా జరుగుతుంది. వదులు ఇసుకకు 5 మిల్లీమీటర్ల జల్లెడ చాలు. నడిచిన నేలలకు 2 మిల్లీమీటర్లది కావాలి. గాజు పూసలు, చేప ముళ్లు పెద్ద కంతలోంచి జారిపోతాయి. మిరియపు గింజ కూడా జారిపోతుంది. ఎర్ర సముద్రం రేవు బెరెనికేలో సెరాపిస్ అనే దేవుడి గుడి దగ్గర భారతీయ జాడీలో ఏడున్నర కిలోల మిరియాలు దొరికాయి, అది జాడీ కాబట్టి చిక్కింది. వీధి మట్టిలో విడిగా పడ్డ ఒక్కో గింజ దొరకాలంటే సన్న జల్లెడే దారి. అదే బెరెనికేలో 2వ శతాబ్దపు శాతవాహన నాణేలు రెండు దొరికాయని 2023లో ప్రకటించారు. మన నేలనుంచి వెళ్లిన వస్తువు కాబట్టి తెలుగువాళ్లకు ఆసక్తి ఉండడం సహజమే, అలాంటివి తడిసి పచ్చబడి మట్టి ముద్దల్లా ఉంటాయి, జల్లెడ పట్టే మనిషి ఓపిక మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

మొక్కల అవశేషాల దగ్గర చాలామంది యూరప్ పుస్తకం చూసి నీళ్ల డ్రమ్ములో మట్టి పోసేస్తారు. ఫయ్యూం ఎడారి అంచున అది చెయ్యకండి. అక్కడ గింజలు, గడ్డి, పేడ కాలకుండానే ఎండి నిలిచి ఉంటాయి. నీళ్లు తగిలితే ఉబ్బి, విచ్చి పోతాయి. ఒక్కో పొరనుంచి 5 నుంచి 10 లీటర్లు తీసి, 4, 2, 1, అర మిల్లీమీటరు జల్లెడలను ఒకదాని మీద ఒకటి పెట్టి పొడిగానే జల్లించాలి. తేమ ఎక్కువగా ఉండే నైలు డెల్టా దిబ్బల్లో సంగతి వేరు, అక్కడ కాలిన గింజలే మిగులుతాయి, నీటిలో తేల్చడమే సరైన పద్ధతి. నేలల పలుచని రేకులను సూక్ష్మదర్శినిలో చూడాలంటే కోతలోంచి మట్టిని దిమ్మగా తియ్యాలి. ఇసుక రాలిపోతుంది కాబట్టి ముందు పలుచని కాగితం, దాని మీద ప్లాస్టర్ కట్టు చుట్టి, పైకి ఏ దిక్కో బాణం గీసి అప్పుడు కోయండి. పశువుల పేడలో ఉండే సున్నపు గోళికలు ఆ రేకుల్లో కనిపిస్తే, వీధిలో పశువులు కట్టేవారా, లేక దొడ్డి ఊడ్చి పోశారా అని పొరల అమరికను బట్టి చెప్పొచ్చు.

పెంకులు కడిగే ముందు ప్రతి పెంకునూ రెండు వైపులా నీడలో చూడాలి. పన్ను రసీదులు, చిన్న చిట్టీలు పెంకుల మీదే రాసేవారు. బ్రష్‌తో తోమాక సిరా రాదు. పపైరస్ ముద్ద దొరికితే విప్పే ప్రయత్నం వద్దు. కింద అట్ట జొనిపి మట్టితో సహా ఎత్తి, ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి సంరక్షకులకు అప్పగించండి.

ప్రాణాల మాట. ఇసుక నిండిన వీధిలో రెండు మీటర్ల గోడ నిలబడి ఉందంటే రెండు వైపులా ఉన్న ఇసుకే దాన్ని పట్టుకుని ఉంది. వీధి వైపు మాత్రమే ఖాళీ చేస్తే లోపలి ఇసుక నెట్టి గోడ మీ మీదికి వస్తుంది. రెండు పక్కలా సమానంగా, 30 సెంటీమీటర్లకోసారి దింపాలి, గోడకు తూకం గుండు వేలాడదీసి రోజూ పొద్దున వాలు కొలవాలి. మార్పు కనిపిస్తే ఆ పూటే పని ఆపి చెక్కలతో ఊతం పెట్టాలి. ట్రెంచ్ అంచు మీటరుకన్నా లోతైతే మెట్లుగా కొయ్యండి, తవ్విన మట్టి అంచునుంచి కనీసం రెండు మీటర్ల దూరంలో పడాలి. పాత పేడ దుమ్ముకు మాస్కు తప్పనిసరి. రాత్రి వదిలేసిన ట్రెంచ్‌లోకి పొద్దున దిగేముందు తేళ్లు, పాములు ఉన్నాయేమో కర్రతో కదిలించి చూడాలి.

అనుమతుల విషయం క్లుప్తంగా. పురావస్తు సుప్రీం కౌన్సిల్ అనుమతి, బృందంలో ప్రతి ఒక్కరికీ భద్రతా అనుమతి ఉండాలి, ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్ రోజూ తవ్వకం దగ్గరే ఉంటారు. 1983 నాటి 117వ చట్టం ప్రకారం దొరికినదంతా ఈజిప్టుదే. మట్టి నమూనాలు, బొగ్గు ముక్కలు కూడా దేశం దాటవు కాబట్టి కాలం తేల్చే రేడియోకార్బన్ పరీక్షలు కైరోలోనే చేయించాలి. ఏ నమూనా ఎక్కడ చూడాలో సీజన్ మొదలుకాకముందే తేల్చుకోకపోతే సంచులు గిడ్డంగిలో ఏళ్లపాటు ఉండిపోతాయి.

ఇప్పుడు నాణెం. క్రీ.శ. 296 ప్రాంతంలో డయోక్లీషియన్ చక్రవర్తి నాణేల సంస్కరణ జరిగేదాకా ఈజిప్టులో అలెగ్జాండ్రియా టంకశాల నాణేలే చెలామణీ అయ్యాయి, వాటి మీద చక్రవర్తి ఎన్నో ఏడాదో గ్రీకు అంకెల్లో ఉంటుంది. అంత కచ్చితమైన తేదీ చూడగానే వీధికి అంటగట్టాలనిపిస్తుంది. కానీ 1వ శతాబ్దపు చక్రవర్తి నీరో కాలపు టెట్రాడ్రాక్మాలు (నాలుగు డ్రాక్మాల విలువున్న నాణేలు) 2వ శతాబ్దపు దాపుడు సొమ్ముల్లో కూడా కుప్పలుగా కనిపిస్తాయి. అంటే నీరో నాణెం దొరికిన నేల నీరోకన్నా ముందుది కాదని చెప్పగలం, అంతకుమించి చెప్పలేం. పైగా వీధి చెత్త ఇంకోచోటినుంచి వచ్చినది. ఇల్లు కూల్చి నేల సరిచేసినప్పుడు వందేళ్ల పాత పెంకులు, చిట్టీలు వీధిలోకి వస్తాయి. పపైరస్ మీద తేదీ అది రాసిన రోజుది, పారేసిన రోజుది కాదు. ఎలుకలు, కుక్కలు బొరియలు తవ్వి కొత్త పూసను పాత నేలలోకి జారుస్తాయి. అందుకే పైనా కిందా గట్టి నేలలతో మూసి ఉన్న, బొరియలు లేని పొరను ఎంచుకుని, అందులో అన్నింటికన్నా ఆలస్యపు వస్తువేదో చూడాలి. ఎక్కువ సంఖ్యలో ఉన్న పెంకుల కాలాన్ని సగటు తీస్తే దాదాపు ప్రతిసారీ వీధిని అసలుకన్నా పాతదిగా చూపిస్తుంది. రేడియోకార్బన్‌కు దూలాల చెక్క పంపకండి, అక్కడ కలప కరువు కాబట్టి ఒకే దూలం మూడు ఇళ్లు మారుతుంది. గింజలు, గడ్డి, పేడలోని పరకలు పంపండి, అవి ఒక్క ఏడాది పంట.

సీజన్ చివర్న పూడ్చడానికి కనీసం వారం ముందే పెట్టుకోండి. తెరిచి వదిలిన పచ్చి ఇటుకను గాలి, ఉప్పు, ఎప్పుడో పడే ఒక్క వాన కూడా తినేస్తాయి. 1920లు, 30ల్లో కరానిస్‌లో బయటపడిన గోడల్లో చాలా భాగం ఇప్పుడు ఫొటోల్లోనే మిగిలింది. గోడల మీద, నేల మీద నీటిని పోనిచ్చే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, ఉప్పు లేని జల్లించిన ఇసుక 20, 30 సెంటీమీటర్లు పోసి, ఆ పైన తవ్విన మట్టి వెయ్యాలి. గోడకు రెండు వైపులా సమానంగానే. గుడ్డ కింద మూలల్లో ఆ ఏడాది నాణేలు నాలుగు, ట్రెంచ్ నంబరు చెక్కిన సీసపు రేకు పెట్టండి. మళ్లీ తెరిచేవాళ్లకు ఎక్కడ ఆగారో వెంటనే తెలుస్తుంది.